లోపల ఖాళీ ఉంది

"...అని కాదు, ఇల్లు కదిలినప్పటి నుంచీ చూస్తున్నా. లిఫ్టు ఎక్కితే లెక్క, దిగితే లెక్క. ఉన్నదే నలుగురం. ఇదేమన్నా నీ బస్సా?"

"నలుగురే కాబట్టే లెక్క. అరవై మందిలో ఒకరు తగ్గితే ఎవరూ గుర్తుపట్టరు. నలుగురిలో ఒకరు తగ్గితే పావు సంసారం పోయినట్టు."

"అదిగో, మళ్లీ వేలు! నా నెత్తి మీద వేలు ఆడించి లెక్కపెట్టకు అని చెప్పానా లేదా?" అన్నాడు భర్త.

హోటలు గది నాలుగు మంచాలకు సరిపోయింది గానీ, వాటిమీద పడుకునే మనుషులు లేచి తిరగడానికి చాలలేదు. మంచాల మధ్య సందులో కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, నడుము బీరువా అంచుకు ఆనించి నిలబడి ఉంది ఆవిడ. గది కదలదు. అయినా ఆవిడ నిలబడే తీరు అంతే. వంటింట్లో పప్పు కలిపేటప్పుడూ అంతే, పెళ్లిళ్లలో అక్షింతలు వేసేటప్పుడూ అంతే. పంతొమ్మిదేళ్లుగా సిటీ బస్సులో కండక్టరు.

రూట్లో ఆవిడ పేరు హోల్డానక్క. ఆవిడ విజిలు వాడదు. స్టాపు రాగానే "హోల్డాన్!" అని ఒక్క కేక. ఆ కేకకి బస్సుతో పాటు పక్కన పోతున్న ఆటోలు కూడా ఆగుతాయని డిపోలో డ్రైవర్లు చెప్పుకుంటారు. ఏ కాలేజీ పిల్ల ఏ స్టాపులో ఎక్కుతుందో, ఏ పెద్దాయన నిద్రపోయి ఎక్కడ దాటిపోతాడో ఆవిడకు నోటికొచ్చు. ఒకసారి సెలవు పెడితే, మర్నాడు ప్యాసింజర్లు "నిన్న మమ్మల్ని ఎవరికో అప్పగించి పోయావేంటక్కా" అని నిలదీశారట.

భర్త ఫ్రిజ్జులూ ఏసీలూ బాగుచేసే మెకానిక్కు. ఎండాకాలంలో అందరికంటే ఎక్కువ ఏసీలు బిగించినందుకు డీలరు భార్యాభర్తలిద్దరికీ పరదేశంలోని ఈ పెద్ద ఊరి ప్రయాణం బహుమతిగా ఇచ్చాడు. "ఇద్దరేంట్రా? నేను కుక్కరుకి కాపలానా?" అంటూ ఆయన తల్లి పెట్టె దించింది. నానమ్మను చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అని డిగ్రీ చదివే కూతురు పరీక్షల పుస్తకాలతో సహా బయల్దేరింది. ఆ పుస్తకాలు ఈ మూడు రోజుల్లో పెట్టె దిగలేదు.

పొద్దున్నే రేగిన గొడవ పైకి తలలు లెక్కపెట్టడం గురించే. లోపల ఉన్నది డిపో కాగితం. కొత్తగా వచ్చే బస్సుల్లో డ్రైవరే టికెట్టు ఇస్తాడు, సిటీ రూట్లలో కండక్టర్లు ఇక అక్కర్లేదు. ఆవిడకు రెండు దారులు ఇచ్చారు. ఒకటి, బస్టాండులో రిజర్వేషన్ కౌంటరు. రెండోది, కొండ కింద చివరి ఊరికి పోయే నైట్ హాల్ట్ బండి. సాయంత్రం ఎక్కి, రాత్రి ఆ ఊళ్లో పడుకుని, పొద్దున్నే మొదటి ట్రిప్పుతో తిరిగి రావాలి. వారానికి మూడు రాత్రులు. ఇదివరకు ఆడవాళ్లకు ఆ డ్యూటీ వేసేవాళ్లు కాదు. ఇప్పుడు అక్కడ తాళం పడే గది కట్టించారు కాబట్టి అడిగినవాళ్లకు ఇస్తామన్నారు. ఏ సంగతీ ఈరోజు సాయంత్రం ఐదింటిలోగా చెప్పాలి, ఫోన్లోనైనా సరే. ఈ ఊరి గడియారం రెండు గంటలు ముందుంది కాబట్టి ఇక్కడి ఏడన్నమాట.

"ఇందులో ఆలోచించడానికి ఏముంది?" అన్నాడు భర్త, బూటు లేసు కడుతూ. "కౌంటరు. కుర్చీ, బల్ల, చల్లగా ఏసీ. ఆ ఏసీ బిగించింది నేనే, ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలుసు. మా వాళ్లందరికీ చెప్పేశాను కూడా."

"కూర్చుని మాట్లాడటం నాకు రాదండీ."

"రాకపోవడమేంటి? అందరూ కూర్చునేగా మాట్లాడేది?"

"నాకు నోరు కాళ్లలో ఉంటుంది" అందావిడ.

మంచం మీద తల దువ్వుకుంటున్న అత్తగారు దువ్వెన ఆపింది. "వారానికి మూడు రాత్రులు కోడలు ఊరి బయట పడుకుంటే, వీడికి ఇడ్లీ ఎవరు పెడతారు? నేనా? నా మోకాళ్లా?"

"మోకాళ్లు ఇడ్లీ పెట్టవు నానమ్మా" అంది మనవరాలు, ఫోనులోంచి తల ఎత్తకుండా.

"సరే" అంది హోల్డానక్క. వేలు ముడిచేసుకుంది. "ఈరోజంతా నేను ప్యాసింజర్ని. లెక్కా లేదు, కేకా లేదు. మీరే చూసుకోండి."

"హమ్మయ్య" అన్నాడు భర్త.

ఆయన మాటలో కొంత న్యాయం లేకపోలేదు. మొదటి రోజు టాక్సీ ఎక్కినప్పుడు ఏం జరిగిందో ఆయన మర్చిపోలేదు. నలుగురూ కూర్చుని తలుపులు పడ్డాక, ముందు సీట్లో ఉన్న ఆవిడ అలవాటు కొద్దీ "రైట్ రైట్" అంది. డ్రైవరు తలూపి, హోటలు గేటు దాటగానే కుడికి తిప్పాడు. సందు చివర మళ్లీ కుడికి తిప్పాడు. హోటలు వెనక చెత్తడబ్బాల దగ్గర బండి ఆపి, ఇక ఎటు అన్నట్టు ఆవిడ మొహంలోకి చూశాడు. "పోనివ్వమంటే ప్రదక్షిణం చేయిస్తాడేంటి ఈయన?" అని ఆవిడ, "మొక్కు ఏమన్నా ఉందేమో అనుకున్నాడు" అని అత్తగారు.

రెండో రోజు సిటీ బస్సులో దిగాల్సిన స్టాపు దగ్గర పడగానే ఆవిడ గొంతెత్తి "హోల్డాన్!" అంది. బస్సులో జనమంతా ఒక్కసారిగా కడ్డీలు పట్టుకున్నారు. ఒక పెద్దాయన ఒళ్లో ఉన్న పూలకుండీని గుండెకు హత్తుకున్నాడు. కుదుపూ రాలేదు, బస్సూ ఆగలేదు. మన దగ్గర ఆపమనే మాట ఇక్కడ గట్టిగా పట్టుకోమనే మాటని కూతురు నవ్వు ఆపుకుని చెప్పేసరికి రెండు స్టాపులు దాటిపోయాయి. ఆపాలంటే కడ్డీకి ఉన్న ఎర్ర మీట నొక్కాలి. "మీట నొక్కితే ఎవరు దిగుతున్నట్టు? పేరూ ఊరూ లేకుండా గంట మోగితే సరా?" అని ఆవిడ చాలాసేపు గొణిగింది.

ఆ రోజే మ్యూజియం దగ్గర టికెట్ల వరసలో నిలబడ్డారు. మందపాటి అద్దం వెనక, ఇంచుమించు ఆవిడ వయసే ఉన్న మనిషి కూర్చుని ఉంది. ఆమె పెదాలు అద్దం వెనక కదులుతుంటే మాట పక్కనున్న చిల్లుల రేకులోంచి వస్తోంది. "చూశావా కౌంటరంటే ఎంత దర్జాగా ఉందో!" అన్నాడు భర్త. హోల్డానక్క ఆమెను చూసి నవ్వింది. ఆమె తల ఎత్తకుండా నాలుగు కాగితాలు బయటికి తోసింది. మ్యూజియంలో రాజుల కిరీటాలు చూస్తున్నంతసేపూ ఆవిడ చేతిలో ఆ నాలుగు కాగితాలూ తిప్పుతూనే ఉంది. బయటికొచ్చాక, "ఆమెకి మనం ఎంతమందిమో గుర్తుండి ఉంటుందా?" అని అడిగింది.

మూడో రోజు, అంటే ఈరోజు, బజారు. అద్దాల దుకాణాలు ఒకదానిమీద ఒకటి ఐదంతస్తులు. లోపలికి అడుగు పెట్టగానే భర్త మెడ పైకి ఎత్తేశాడు. సీలింగులోంచి చల్లగాలి ఎక్కడ దిగుతోందో, గొట్టాలు ఎటు పోతున్నాయో చూస్తూ నడుస్తున్నాడు. మెట్ల దగ్గర బట్టల బొమ్మకు ఢీకొని దానికి క్షమాపణ చెప్పాడు. కూతురు ఫొటో తీసింది.

అత్తగారికి కావలసింది ఒకే ఒక్కటి, మీట నొక్కితే ఠప్పున విచ్చుకునే గొడుగు. మూడో అంతస్తులో దొరికింది. నీలం రంగు, చెక్క పిడి. ధర చీటీ చూడకుండానే ఆమె సగానికి అడిగింది. అమ్మే పిల్లకు అర్థం కాక చీటీ చూపించింది. అత్తగారు చీటీని వేలితో మూసేసి మళ్లీ సగం చూపించింది.

"నానమ్మా, ఇక్కడ బేరాలుండవు."

"బేరం లేని బజారు ఎక్కడుంటుందే? నువ్వు నోరు మూసుకుని నా నడక చూడు."

గొడుగు అక్కడే పెట్టేసి ఆమె తలుపు వైపు బయల్దేరింది. అత్తగారి ఆ నడకకు ఇంటి దగ్గర బజారులో మంచి పేరుంది. పదడుగుల్లో కనీసం రెండుసార్లు దుకాణంవాడు వెనక్కి పిలుస్తాడు. ఆమె ఆరడుగులు వేసింది. ఎవరూ పిలవలేదు. వేగం తగ్గించింది. ఎనిమిదో అడుగులో ఆగి, కొంగు సర్దుకుని, చెప్పు సర్దుకుంది. పదో అడుగు వేసేసరికి ఎదురుగా ఉన్న అద్దాల తలుపు తనంతట తనే తెరుచుకుంది.

"చూశావా!" అందామె, మండిపడుతూ. "తలుపు కూడా పొమ్మంటోంది!"

మనవరాలు వెళ్లి, చీటీ మీదున్న ధరకే గొడుగు కొనుక్కొచ్చింది. "సగానికి దిగొచ్చింది నానమ్మా."

"రాదా మరి? నడక అట్లాంటిది."

మామూలుగా అయితే హోల్డానక్క ఈ పాటికి మూడుసార్లు అందరి తలలూ లెక్కపెట్టేసేది. ఈరోజు ప్యాసింజరు కదా. చేతులు కట్టుకుని, దుకాణాల్లో బొమ్మలు చూస్తూ నడిచింది. కుడి చూపుడువేలు మాత్రం అప్పుడప్పుడూ చంకలోంచి బయటికొచ్చి కొట్టుకునేది. ఆవిడ దాన్ని మళ్లీ లోపలికి తోసేసేది.

సాయంత్రం ఐదు దాటాక నది ఒడ్డున ఉన్న గాజు గోపురం చూడటానికి బస్సెక్కారు. పొడుగు బస్సు, మూడు తలుపులు. ఎక్కేటప్పుడే జనంలో చెదిరిపోయారు. భర్త ముందు తలుపు దగ్గర ఫోనులో వీడియో తీస్తూ నిలబడ్డాడు. కూతురు మధ్యలో. హోల్డానక్కకు వెనక ద్వారం దగ్గర చోటు దొరికింది. అత్తగారు ఎక్కడో ఎత్తైన సీటు వెనక చేరింది. గోపురం స్టాపు రాగానే ఎవరో మీట నొక్కారు, బస్సు ఆగింది. ముగ్గురూ మూడు తలుపుల్లోంచి దిగారు. బస్సు వెళ్లిపోయింది.

"అమ్మేదీ?" అన్నాడు భర్త, వీడియో ఆపకుండా.

"నీ దగ్గర లేదా నాన్నా?"

"నా దగ్గరెందుకుంటుంది? మీ అమ్మ దగ్గర..."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫోనులో గోపురం ఇంకా రికార్డవుతూనే ఉంది. ఆయన చెయ్యి కిందికి దిగింది. ఆయన గొంతు ఒక్కసారిగా పిల్లవాడి గొంతయింది. "అమ్మా!" అని రోడ్డు మీదికి పరిగెత్తబోయాడు. కూతురు చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "పోలీసులకి ఫోన్ చేద్దాం... నానమ్మ దగ్గర ఫోన్ లేదు, హోటలు పేరు కూడా తెలీదు, అయ్యో..."

"నిలబడండి" అంది హోల్డానక్క. కేక వేయలేదు, మామూలుగానే అంది. ఇద్దరూ నిలబడ్డారు.

"దిగలేదంటే నిద్రపోయింది. నిద్రపోయిన ప్యాసింజరు ఎక్కడికీ పోడు. చివరి స్టాపులో దొరుకుతాడు. మధ్యలో వెతికితే దొరకడు." స్టాపు దగ్గరున్న బోర్డు ముందు నిలబడి చదివింది. "రూటు నంబరు నూట పద్నాలుగు. చివరి స్టాపుకి ముప్పై ఐదు నిమిషాలు. బండి నంబరు చివర నాలుగు, ఒకటి, ఏడు. వెనక అద్దం మీద పగులుంది. ఇదే రూటు బండి ఇంకోటి ఆరు నిమిషాల్లో వస్తుంది. ఎక్కుదాం."

"బండి నంబరు ఎప్పుడు చూశావు?" అన్నాడు భర్త.

"ఎక్కేటప్పుడు. తలలు లెక్కపెట్టొద్దన్నారు గానీ, బండి నంబరు చూడొద్దనలేదుగా."

రెండో బస్సు వచ్చింది. ఆవిడ నేరుగా డ్రైవరు దగ్గరికి వెళ్లింది. నేల మీద పసుపు గీత ఉంది, అది దాటకూడదని ఆవిడకు చెప్పక్కర్లేదు. గీతకు ఇవతల నిలబడి కూతురిచేత ఇంగ్లీషులో చెప్పించింది. డ్రైవరు లావుపాటి మనిషి. ముందు రోడ్డు తప్ప ఏమీ చూడకుండా, అదేదో ఆఫీసుకు ఫోన్ చేసుకోమని చెప్పాడు. అప్పుడావిడ సంచిలోంచి డిపో గుర్తింపు కార్డు తీసి అద్దం ముందు పెట్టింది. ఖాకీ చొక్కాలో తన ఫొటో. అతను ఫొటో చూశాడు, ఆవిడను చూశాడు. తన జేబు మీదున్న బిళ్లను ఒకసారి తట్టుకుని వైర్‌లెస్ తీశాడు. అవతలి నుంచి గరగరమని జవాబు వచ్చింది. డ్రైవరు నవ్వాడు.

"ఉందట!" అంది కూతురు. "నిద్రపోతోందట. నీలం గొడుగు ఒళ్లో ఉందట."

భర్త దగ్గర్లో ఉన్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆఫీసులు వదిలే వేళ. ప్రతి స్టాపులోనూ జనం ఎక్కుతున్నారు. ఎక్కినవాళ్లంతా ముందు తలుపు దగ్గరే ముద్దగా నిలబడిపోతున్నారు. వెనక సగం బస్సు ఖాళీ. కిందనున్నవాళ్లు ఎక్కలేక తలుపు పట్టుకుని వేలాడుతున్నారు. హోల్డానక్క రెండు స్టాపులు ఓర్చుకుంది. మూడో స్టాపులో చంటిపిల్ల బండితో ఒకామె ఎక్కలేక వెనక్కి దిగిపోబోయింది.

"లోపలికి జరగండమ్మా, లోపల ఖాళీ ఉంది!" అంది హోల్డానక్క, అచ్చ తెలుగులో. "సార్, ఆ సంచి భుజాన్నుంచి కిందికి! టోపీ బాబూ, తలుపు నీ పేరన రాసివ్వలేదు, లోపలికి! అమ్మాయ్, ఆ బండి ఇటివ్వు, పట్టుకుంటా."

ఆ భాష బస్సులో ముగ్గురికి తప్ప ఎవరికీ రాదు. అందరూ జరిగారు. సూటు వేసుకున్నాయన సంచి కిందికి దించాడు. టోపీ కుర్రాడు వెనక్కి నడిచి, దారిలో ఇంకో ఇద్దరిని కూడా జరిపాడు. పిల్లబండి ఎక్కింది. ఆవిడ దాన్ని ఒక మూలకు తోసి, చక్రానికి కాలు అడ్డం పెట్టి, తల్లికి సీటు ఇప్పించింది. డ్రైవరు అద్దంలోంచి ఇదంతా చూస్తున్నాడు. తర్వాతి స్టాపులో తలుపు మూయబోయే ముందు ఆవిడ మొహం చూశాడు. ఆవిడ తలూపింది. తలుపు మూశాడు.

భర్త కళ్లు తెరిచి చూస్తున్నాడు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా ఆయన ఆవిడ బస్సు ఎక్కలేదు. మోటారుసైకిలు ఉంది. పైగా పెళ్లాం దగ్గర టికెట్టు తీసుకోవడమేంటని. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఆయన కడ్డీ చుట్టూ గిరగిరా తిరుగుతున్నాడు. ఆవిడ రెండు చేతులూ వదిలేసి, నడుము సీటు అంచుకు తగిలీ తగలనట్టు పెట్టి, ఎవరో ముసలాయనకు దారి చూపిస్తోంది.

"పట్టుకో, పడతావు" అన్నాడాయన.

"పట్టుకుంటే టికెట్లు ఎవరు కొడతారు?" అనేసి, తర్వాత తనే నవ్వుకుంది.

చివరి స్టాపు ఒక పెద్ద షెడ్డు. బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. నాలుగు, ఒకటి, ఏడు, వెనక అద్దం మీద పగులు. దాని పక్కనే సిబ్బంది గది. ఆ గదిలో పొడుగు బల్ల దగ్గర, చెప్పులు విప్పేసి, కాగితం కప్పులో ఏదో వేడిగా తాగుతూ అత్తగారు కూర్చుని ఉంది. చుట్టూ నలుగురు డ్రైవర్లు. ఆమె గొడుగు మీట నొక్కి ఠప్పున విప్పి చూపించి, బేరం ఎలా ఆడిందో తెలుగులో వివరిస్తోంది. వాళ్లు తలలు ఊపుతున్నారు.

కొడుకు వెళ్లి ఆమె భుజం పట్టుకున్నాడు.

"ఏంట్రా, చెమటలు పట్టాయి? ఏసీ లేదా బస్సులో?" అంది. తర్వాత కోడలి వైపు తిరిగింది. "ఇదేం బస్సే అమ్మాయ్! నిద్రపోతే లేపేవాడు లేడు. అంత పొడుగు బండిలో నేనొక్కదాన్నే మిగిలాక గానీ డ్రైవరు వచ్చి లేపలేదు. నీ బస్సులో అయితే ఇట్లా జరిగేదా?"

"జరగదు అత్తయ్యా."

"అయినా సరే, నువ్వు కౌంటర్లోనే కూర్చో. ఊళ్లోవాళ్లని నిద్రలేపడానికి రాత్రిళ్లు పోతావా ఏంటి? నా మాట విను. దీనికి నువ్వయినా చెప్పరా, నోట్లో ఏముంది?"

భర్త నోట్లో ఏమీ లేదు. బల్ల మీదున్న రెండో కప్పు తీసుకుని ఒక గుక్క తాగాడు. అది ఎవరిదో డ్రైవరుది. అతను పోనీలే అన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఆ కొండ కింద గదిలో ఫ్యానుందా?" అని అడిగాడు ఆవిణ్ని.

"ఉందన్నారు."

"తిరుగుతుందా?"

"చూడలేదు."

గోడ గడియారంలో ఏడుకు పది నిమిషాలుంది. ఆవిడ ఫోను మోగింది. డిపోలో డ్యూటీలు రాసే గుమాస్తా. గది చిన్నది కాబట్టి అవతలి గొంతు అందరికీ వినబడుతోంది.

"అక్కా, ఎక్కడున్నావు? నీ ఒక్క కాగితమే మిగిలింది. డిపో మేనేజరు గారు లేవబోతున్నారు. మీ ఆయన మొన్నే కౌంటరని చెప్పారంట గదా, అదే రాసేయనా?"

అత్తగారు గొడుగు మూసింది. కూతురు ఫోను పక్కన పెట్టింది. హోల్డానక్క లేచి నిలబడి కాళ్లు ఎడం చేసింది.

"కాదు తమ్ముడూ" అంది. "నైట్ హాల్ట్‌కి రాయి. సోమవారం సాయంత్రం బండికి వచ్చేస్తానని చెప్పు."